పసుపెక్కని క్లియర్ ఎపాక్సీ కావాలంటే సీసా మీద లేబుల్ కాదు, హార్డెనర్ చూసి కొనండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: అనంతపురంలో పెళ్లి దండలను రెజిన్‌లో పోసి ఫ్రేములు, దిమ్మెలు చేసి ఇస్తున్నారు. అడిగినవాళ్లకు గేటు పక్కన పెట్టే నేమ్‌ప్లేట్లు కూడా చేస్తున్నారు. ‘నాన్ ఎల్లోయింగ్’ అని రాసి ఉన్న రెజినే కొన్నా, ఒక్క ఎండాకాలం దాటేసరికి ముక్కలు తేనె రంగుకు తిరిగాయి. ఏ రెజిన్ కొంటే రంగు మారదు, ఇప్పటికే మారినవాటిని బాగు చేయొచ్చా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. అసలు పసుపెక్కని ఎపాక్సీ అంటూ లేదు. ఆలస్యంగా, తక్కువగా పసుపెక్కేది ఉంది. ఎపాక్సీ అంటే రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపి పోసేది. హార్డెనర్‌లో ఆ పని చేసే రసాయనాలే అమీన్‌లు. ఇంట్లో గోడకు పెట్టే ఫ్రేములకైతే సైక్లోఅలిఫాటిక్ అమీన్ గానీ పాలీఈథర్ అమీన్ గానీ ఉన్న హార్డెనర్‌తో వచ్చే రెజిన్ తీసుకోండి. అందులో త్వరగా గట్టిపడటానికి కలిపే నోనైల్ ఫినాల్ ఉండకూడదు. ఎండలోని అతినీలలోహిత కిరణాల (యూవీ) దెబ్బ నుంచి కాపాడే యూవీ అబ్జార్బర్, హాల్స్ అనే రెండు రకాల స్టెబిలైజర్లూ ఉండాలి. మీరు పోసే మందానికి అది తయారై ఉండాలి, బ్యాచ్ కొత్తదై ఉండాలి. గేటు బయట ఎండలో ఉండే నేమ్‌ప్లేటుకు మాత్రం ఏ కంపెనీ ఎపాక్సీ అయినా ఒంటరిగా నిలవదు. పైన అలిఫాటిక్ పాలీయురెథేన్ క్లియర్ కోట్ (కార్లకు వాడే రకం పారదర్శక పూత) ఉండాలి, లేదా ముందు భాగంలో అక్రిలిక్ షీటు ఉండాలి.

ఇక కారణాలు. పసుపు రెండు దారుల్లో వస్తుంది, చాలామంది రెండింటినీ ఒకటే అనుకుని తప్పు మందు వేస్తారు.

మొదటిది వెలుగు. బజారులో దొరికే క్లియర్ ఎపాక్సీల్లో దాదాపు అన్నీ బిస్‌ఫినాల్-ఏ నుంచి తయారైనవే. దాని అణువులో ఉన్న బెంజీన్ వలయాలు ఎండలోని యూవీని పీల్చుకుంటాయి. ఆ శక్తికి బంధాలు తెగి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, నీలి వెలుగును మింగే కొత్త పదార్థాలు పుడతాయి. నీలం పోతే కంటికి మిగిలేది పసుపు. ఈ మార్పు ఎక్కువగా పై పొరలోనే జరుగుతుంది. బాగుచేత గురించి చెప్పేటప్పుడు ఇది పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

రెండోది వేడి. దీనికి వెలుగు అక్కర్లేదు. హార్డెనర్‌లోని అమీన్ వేడికి, ఆక్సిజన్‌కు చీకట్లో కూడా నెమ్మదిగా రంగు మారుతుంది. బీరువాలో బట్ట చుట్టి పెట్టిన ముక్క కూడా పసుపెక్కిందని ఆశ్చర్యపోయేవాళ్లు ఉంటారు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన అనంతపురం, కర్నూలు, కడపల్లో మిద్దె కింది గది గోడ రాత్రి కూడా చల్లారదు. అంచేత చల్లని ఊళ్లలో వాడి బాగుందని చెప్పిన రెజిన్ ఇక్కడ అంతే బాగుంటుందని నమ్మకండి. యూవీ స్టెబిలైజర్ మొదటి దారిని అడ్డుకుంటుంది, రెండోదానికి దాని సాయం తక్కువ. అక్కడ పనిచేసేది మంచి హార్డెనర్, సరైన తూకం, పోసేటప్పుడు వేడెక్కకుండా చూసుకోవడం.

హార్డెనర్ ఎందుకంత ముఖ్యం

రెజిన్ భాగం చాలా బ్రాండ్లలో ఒకటే, తేడా అంతా హార్డెనర్‌లో ఉంటుంది. త్వరగా గట్టిపడే ట్రైఇథిలీన్ టెట్రామీన్, డైఇథిలీన్ ట్రైఅమీన్ లాంటివి చవక, కానీ తొందరగా పసుపెక్కుతాయి. ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫైబర్ కాంపోజిట్ ప్రాజెక్టులకు వాడే ఎల్‌వై 556, హెచ్‌వై 951 జత ఇలాంటిదే. నూటికి పది పాళ్లు కలుపుతారు, గట్టిదనానికి అద్భుతంగా ఉంటుంది, కానీ అది పూలను నిలబెట్టే పనికి చేసినది కాదు. ఐసోఫోరోన్ డైఅమీన్ లాంటి సైక్లోఅలిఫాటిక్‌లు, పాలీఆక్సీప్రొపిలీన్ డైఅమీన్ లాంటి పాలీఈథర్ అమీన్‌లు రంగు నిలుపుకోవడంలో వీటికంటే చాలా మెరుగు.

దీనికి తోడు, తొందరగా సెట్ కావాలని కలిపే యాక్సిలరేటర్లు ఉంటాయి. నోనైల్ ఫినాల్, డీఎంపీ-30 అని పిలిచే ట్రిస్ ఫినాల్ రెండూ పసుపును త్వరపెడతాయి. ‘ఆరు గంటల్లో డీమోల్డ్’ (అచ్చు నుంచి తీయొచ్చు) అని గొప్పగా రాసి ఉందంటే నాకు మొదట వచ్చే అనుమానం ఇదే.

ఇవన్నీ అమ్మేవాడిని నోటితో అడిగితే ‘ఒరిజినల్ సార్, గ్యారంటీ’ అంటాడు. కాబట్టి ఎస్‌డీఎస్ అడగండి. సేఫ్టీ డేటా షీటు అన్నమాట. అందులో మూడో సెక్షన్‌లో ప్రమాదకరమైన పదార్థాల పేర్లు, సీఏఎస్ నంబర్లు (ఒక్కో రసాయనానికి ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) ఉంటాయి. పేర్లు ఎలా మార్చి రాసినా నంబరు మారదు. హార్డెనర్ షీటులో 2855-13-2 కనిపిస్తే ఐసోఫోరోన్ డైఅమీన్, 9046-10-0 కనిపిస్తే పాలీఈథర్ అమీన్. ఇవి ఉంటే మంచి సూచన. 112-24-3 ట్రైఇథిలీన్ టెట్రామీన్, 111-40-0 డైఇథిలీన్ ట్రైఅమీన్, 84852-15-3 నోనైల్ ఫినాల్, 90-72-2 డీఎంపీ-30. వీటిలో ఏదైనా ఉంటే మీ పనికి వద్దు. 100-51-6 బెంజైల్ ఆల్కహాల్. ఇది చాలా హార్డెనర్లలో ఉంటుంది, కొద్దిగా ఉంటే భయపడక్కర్లేదు, కానీ 40 శాతం పైన ఉంటే ముక్క వేడికి మెత్తబడుతుంది. రెజిన్ వైపు షీటులో 25068-38-6 గానీ 1675-54-3 గానీ ఉంటే మామూలు బిస్‌ఫినాల్-ఏ రకం. 30583-72-3 ఉంటే హైడ్రోజనేటెడ్ రకం, అంటే బెంజీన్ వలయాలు లేనిది. యూవీని తట్టుకోవడంలో ఎపాక్సీల్లో అది పైమెట్టు. ధర మాత్రం మామూలుదానికి కొన్ని రెట్లు ఉంటుంది, గట్టిపడటం కూడా నిదానం. ఖరీదైన ఆర్డర్లకు, అదీ పైపొరకు మాత్రమే ఆలోచించండి.

ఎస్‌డీఎస్ ఇవ్వనివాడి దగ్గర కొనకండి. రెజిన్ అమ్మేవాడికి ఆ కాగితం లేదంటే, వాడు పెద్ద డ్రమ్ము నుంచి సీసాల్లోకి వంచి లేబుల్ అంటిస్తున్నాడనే అనుకోవాలి. అందరూ అలాంటివాళ్లని కాదు, కానీ మీ కస్టమర్ పెళ్లి దండ మళ్లీ దొరికేది కాదు కదా.

ఒక అపోహ గురించి కూడా చెప్పాలి. ‘మూడుకు ఒకటి రెజిన్ పసుపెక్కదు, ఒకటికి ఒకటి పసుపెక్కుతుంది’ అని బాగా ప్రచారంలో ఉంది. అందులో కొంత నిజం ఉంది. సమానంగా కలిపే రకంలో హార్డెనర్ సీసా నిండాలంటే చర్యలో పాల్గొనని ద్రవాలు ఎక్కువ కలపాల్సి రావచ్చు. కానీ ఒకటికి ఒకటి కలిపేవాటిలోనూ జాగ్రత్తగా చేసినవి ఉన్నాయి, మూడుకు ఒకటి కలిపేవాటిలోనూ నాసిరకం ఉన్నాయి. పాళ్లను బట్టి తీర్పు చెప్పకండి, షీటు చూడండి.

టెక్నికల్ డేటా షీటులో చూడాల్సినవి

ద్రవం రంగును హేజెన్ లేదా ఏపీహెచ్ఏ అనే కొలతలో ఇస్తారు. రెజిన్, హార్డెనర్ రెండూ 50 లోపు ఉంటే మంచి తెలుపు. గార్డ్‌నర్ కొలతలో ఇస్తే 1 లేదా అంతకంటే తక్కువ ఉండాలి. అయితే ఇది కొన్న రోజు రంగు మాత్రమే, ఏడాది తర్వాతి రంగు కాదు. దానికోసం వెదరింగ్ పరీక్ష (ఎండకు ఎంత తట్టుకుంటుందో చూసేది) ఫలితం అడగాలి. ఏఎస్‌టీఎం జీ154 అనే పరీక్షా ప్రమాణం ప్రకారం యూవీఏ-340 దీపం కింద ఎన్ని గంటలు పెట్టారు, ఏఎస్‌టీఎం ఈ313 ప్రకారం ఎల్లోనెస్ ఇండెక్స్ (పసుపు ఎంతో చెప్పే అంకె) ఎంత పెరిగింది అని. గంటలు, దీపం రకం, పెరిగిన అంకె, ఈ మూడూ చెప్పకుండా ‘యూవీ టెస్టెడ్’ అని రాసుకుంటే దానికి విలువ లేదు. ఆ గంటలను ‘ఇన్ని సంవత్సరాలకు సమానం’ అని లెక్కగట్టి చెప్పేదాన్నీ పట్టించుకోకండి. రెండు రెజిన్లను ఒకే దీపం కింద పోల్చడానికే ఆ పరీక్ష పనికొస్తుంది.

స్టెబిలైజర్లలో యూవీ అబ్జార్బర్ కిరణాన్ని తాను మింగి వేడిగా వదిలేస్తుంది. హాల్స్ అనేది తెగిన బంధాల నుంచి పుట్టే రాడికల్స్ అనే చురుకైన అణుముక్కలను అక్కడికక్కడే పట్టేస్తుంది. అబ్జార్బర్ పనిచేయాలంటే కొంత మందం కావాలి. పై పొరలోని మొదటి కొన్ని మైక్రాన్లను అది కాపాడలేదు, అక్కడ హాల్స్ కావాలి. అందుకే రెండూ ఉండాలని అన్నాను. విడిగా కొని మనమే కలుపుకుందామా అని కొందరు అడుగుతారు. మొత్తం బరువులో ఒకటి రెండు శాతమే కలపాలి, అది సరిగ్గా కరగకపోతే మసక వస్తుంది. కలిపి అమ్మేదే కొనడం మేలు.

ఇంకో సంగతి. కొన్ని సీసాల్లో కంటికి తెల్లగా కనిపించాలని ఊదా లేదా నీలి టోనర్ కొద్దిగా వేస్తారు. ఇది మోసమేమీ కాదు, అందరూ చేసేదే. కానీ అది పసుపును దాస్తుంది, ఆపదు. గాజు గ్లాసులో హార్డెనర్ పోసి, పక్కన మరో గ్లాసులో నీళ్లు పోసి, రెంటినీ తెల్ల కాగితం మీద పెట్టి పైనుంచి చూడండి. ఊదా ఛాయ కనిపిస్తే టోనర్ ఉన్నట్టు. లేత పసుపు కనిపిస్తే హార్డెనర్ అప్పటికే గాలి తగిలి పాతబడినట్టు. అలాంటిది గట్టిపడుతుంది గానీ మొదటి రోజు నుంచే రంగుతో వస్తుంది.

ఇక్కడి ఎండలో పోసే పద్ధతి

ఇది మంచి రెజిన్ కొన్నా చెడగొట్టే చోటు, కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను.

సీసా మీద రాసే పాట్ లైఫ్ (కలిపాక పోయడానికి వీలుండే సమయం) 25 డిగ్రీలకు లెక్క. ప్రతి పది డిగ్రీలకు అది సుమారు సగమవుతుంది. 25 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఉండేది 40 డిగ్రీల గదిలో 15 నిమిషాలు కూడా ఉండదు. రెజిన్, హార్డెనర్ కలిసినప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడి చర్యను త్వరపెడుతుంది, అది మళ్లీ వేడిని పెంచుతుంది. మందంగా పోస్తే మధ్యలోని వేడి బయటికి పోయే దారి లేక లోపలే రంగు మారుతుంది, ఒక్కోసారి పగుళ్లు వస్తాయి. మర్నాడు మోల్డ్ నుంచి తీసేసరికే ముక్క పసుపుగా ఉందంటే ఎండను తిట్టి లాభం లేదు, అది పోతలో వచ్చిన పసుపు.

కోటింగ్ రెజిన్ అంటే ఒక్కో పొర 3 నుంచి 6 మిల్లీమీటర్లు. దండను ముంచే దిమ్మెలకు డీప్ పోర్ లేదా కాస్టింగ్ రెజిన్ కావాలి. అది పల్చగా ఉంటుంది, 48 నుంచి 72 గంటలు తీసుకుంటుంది. సీసా మీద 50 మిల్లీమీటర్ల వరకు పోయొచ్చని రాసి ఉన్నా ఎండాకాలంలో దాన్ని సగానికి తగ్గించుకోండి. 25 మిల్లీమీటర్లు పోసి, అది జెల్ దశ దాటి గోరు దిగినా వేలికి అంటని స్థితికి వచ్చాక తర్వాతి పొర వేయండి.

వేసవిలో తెల్లవారుజామున పోయండి, లేదా ఏసీ గదిలో 24–26 డిగ్రీల దగ్గర. నీళ్ల కూలర్ ఉన్న గదిలో పోయకండి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది అదే, కానీ అది గదిని తేమతో నింపుతుంది. హార్డెనర్ ఆ తేమను, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని పైన జిడ్డు పొర కడుతుంది. దాన్ని బ్లష్ అంటారు. సెప్టెంబరు, అక్టోబరు వానల్లోనూ ఇదే సమస్య. రెజిన్ చల్లగా ఉండాలని సీసాలను ఫ్రిజ్‌లో కూడా పెట్టకండి. బయటికి తీయగానే తడి పడుతుంది, రెజిన్ చక్కెరలా పలుకులు కడుతుంది. పలుకులు కట్టిన రెజిన్‌ను మూత బిగించి 50 డిగ్రీల వేడి నీళ్లలో పెడితే మళ్లీ కరుగుతుంది, పారేయక్కర్లేదు.

రేకుల షెడ్డులో స్టాకు పెట్టడం మానేయండి. హార్డెనర్‌ను గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ సీసాలో, చీకటి అల్మరాలో ఉంచాలి. సగం అయ్యాక చిన్న సీసాలోకి మారిస్తే లోపల గాలి తగ్గుతుంది. ఇనుప డబ్బాలో పోస్తే తుప్పు తగిలి ఎర్రగా మారుతుంది.

తూకం. దాదాపు అన్ని ఎపాక్సీలలోనూ హార్డెనర్ రెజిన్ కంటే తేలిక. కాబట్టి కొలతలో రెండుకు ఒకటి అంటే తూకంలో రెండుకు ఒకటి కాదు. ఉదాహరణకు రెజిన్ మిల్లీలీటరుకు 1.13 గ్రాములు, హార్డెనర్ 0.97 గ్రాములు ఉంటే, కొలతలో 2:1 అనేది తూకంలో 100:43. అది చూసుకోకుండా కాటా మీద 100:50 తూచితే హార్డెనర్ 16 శాతం ఎక్కువ పడుతుంది. గట్టిపడినట్టే ఉంటుంది, కానీ మిగిలిపోయిన అమీన్ తర్వాత ఆక్సిజన్‌తో కలిసి పసుపెక్కుతుంది. మీ సీసా మీద ఉన్న పాళ్లు తూకానికా, కొలతకా అని ముందు తేల్చుకోండి. 0.1 గ్రాము చూపించే చిన్న కాటా చాలు. తొందరగా సెట్ కావాలని ‘ఇంకో చుక్క’ హార్డెనర్ వేసే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ రోజే మానాలి.

కలపడం మూడు నాలుగు నిమిషాలు, అంచులు, అడుగు గీకుతూ. తర్వాత మరో కప్పులోకి మార్చి ఇంకో నిమిషం. బుడగలకు గ్యాస్ టార్చ్ వాడితే 15–20 సెంటీమీటర్ల ఎత్తులో ఆగకుండా కదపాలి. ఒకే చోట నిలిపితే పై పొర కాలి అక్కడే మొదటి పసుపు మచ్చ పడుతుంది.

పసుపు రెజిన్‌దేనా, పూలదా?

మీ పనిలో ఇది తప్పకుండా తేల్చుకోవాలి. మల్లెపూలు ఎండితే గోధుమ రంగుకే వస్తాయి, ఏ రెజిన్ దాన్ని ఆపలేదు. తెల్ల లిల్లీ, తెల్ల చామంతి రేకులు రెజిన్ తాగి పారదర్శకంగా, మీగడ రంగుగా కనిపిస్తాయి. ఎర్ర గులాబీ ముదిరి నల్లగా మారుతుంది. ఇవన్నీ కస్టమర్‌కు ముందే చెప్పాలి. పూలను సిలికా జెల్‌లో, మూత బిగించిన డబ్బాలో గులాబీకి కనీసం వారం ఉంచండి. రేకు చిటుక్కున విరగాలి, కాడ దగ్గర లోపల కూడా తడి ఉండకూడదు. తడి మిగిలితే పువ్వు చుట్టూ పాలలాంటి మసక వస్తుంది, ఆ తర్వాత గోధుమ రంగు పాకుతుంది. ఎండిన పూలకు పల్చగా రెజిన్ బ్రష్‌తో పూసి ఆరనిచ్చాక పోస్తే బుడగలు తగ్గుతాయి. దండలో జరీ దారం ఉంటే దాన్ని ముందే తీసేయడం మంచిది. రాగి కలిసిన జరీ హార్డెనర్‌లోని అమీన్‌కు తగిలి పచ్చని మరకలు వదులుతుంది.

టీ కోస్టర్లు, ట్రేలు చేసేవాళ్లు ఇంకోటి గమనించాలి. వంటింటి పసుపు రెజిన్‌కు అంటుకుంటే పోదు, చూడ్డానికి పాతబడినట్టే ఉంటుంది. తేడా తెలుసుకోవడం సులువు. ఆ ముక్కను రెండు రోజులు ఎండలో పెట్టండి. వంటింటి పసుపైతే ఎండకు వెలిసిపోతుంది. రెజిన్ పసుపైతే అలాగే ఉంటుంది, ఇంకా పెరగవచ్చు.

కొనేముందు మిద్దె మీద పరీక్ష

రెండు మూడు బ్రాండ్ల చిన్న ప్యాకులు తెప్పించండి. ఒక్కోదానితో 50 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న బిళ్లలు నాలుగు పోయండి. ఒక్కో బిళ్లకు సుమారు 13 గ్రాములు పడుతుంది, కప్పుకు అంటుకునేదాంతో కలిపి 60 గ్రాములు కలిపితే సరిపోతుంది. ఏడు రోజులు పూర్తిగా గట్టిపడనివ్వండి. ఒకటి మిద్దె మీద దక్షిణం వైపు వాల్చి, సగానికి అల్యూమినియం ఫాయిల్ కప్పి పెట్టండి. రెండోదాన్ని పూర్తిగా ఫాయిల్‌లో చుట్టి దాని పక్కనే ఉంచండి. మూడోది కిటికీ అద్దం లోపలి వైపు, నాలుగోది పోల్చి చూడటానికి చల్లని బీరువాలో.

ఏప్రిల్‌లో మొదలుపెడితే నెల రోజుల్లోనే తేడా కనిపిస్తుంది. చూసేటప్పుడు పైనుంచి కాదు, తెల్ల కాగితం మీద పెట్టి అంచు వైపు నుంచి చూడండి. అక్కడ వెలుగు 50 మిల్లీమీటర్లు దాటి వస్తుంది కాబట్టి 6 మిల్లీమీటర్లలో కనపడని లేత పసుపు కూడా బయటపడుతుంది. మొదటి బిళ్లలో ఫాయిల్ లేని సగమే మారితే ఆ రెజిన్‌కు యూవీ రక్షణ తక్కువ. ఫాయిల్ చుట్టిన రెండోది కూడా మారితే హార్డెనర్ వేడికి ఆగడం లేదు, దాన్ని ఈ ప్రాంతంలో వాడకండి. కిటికీ దగ్గర పెట్టిన బిళ్ల చాలామంది కళ్లు తెరిపిస్తుంది. మామూలు అద్దం యూవీ-బీని ఆపుతుంది గానీ యూవీ-ఏలో ఎక్కువ భాగాన్ని లోపలికి వదిలేస్తుంది. అద్దం ఉంది కదా అని పడమటి కిటికీకి ఎదురుగా ఫ్రేమ్ తగిలిస్తే రక్షణ లేనట్టే. ఖరీదైన ఫ్రేములకు ముందు భాగంలో లామినేటెడ్ గ్లాసు వేయించండి. మధ్యలోని పీవీబీ అనే ప్లాస్టిక్ పొర యూవీని దాదాపు పూర్తిగా ఆపుతుంది. పూజగదిలో దీపం పైన తగిలించొద్దని కూడా చెప్పండి, అక్కడ వేడి, మసి రెండూ తగులుతాయి.

నేమ్‌ప్లేట్లు, రాతి పలకలు

గది ఉష్ణోగ్రత దగ్గర గట్టిపడిన ఎపాక్సీ 45–55 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. పడమటి గోడ మీద నల్ల రంగు నేమ్‌ప్లేటు మే నెలలో అంతకంటే వేడెక్కుతుంది. కాబట్టి పసుపు సంగతి అటుంచి, వంగిపోయే ప్రమాదం కూడా ఉంది. బయటికి 3 మిల్లీమీటర్ల కాస్ట్ అక్రిలిక్ షీటు ముందు పెట్టి, డిజైన్ వెనక వేయండి. అక్రిలిక్‌కు ఎండ సమస్య చాలా తక్కువ.

మన దగ్గర ఇంకో వాడకం ఉంది. గుడి దాతల పేర్లు, ఇంటి పేర్లు కడప నల్లరాయి మీద చెక్కి, అక్షరాల్లో తెల్ల రెజిన్ నింపుతున్నారు. నల్లరాయి వేడిని పట్టి ఉంచుతుంది, తెలుపు ఒక్క వేసవిలోనే మీగడ రంగుకు దిగుతుంది. అక్కడ తెల్ల పాలీయురెథేన్ పెయింటు నింపడమే మేలు. లోతు ఎక్కువ ఉంటే కింద ఎపాక్సీ నింపి, పై పూతగా ఆ పెయింటు వేయాలి.

ఫైబర్ షాపుల్లో ‘క్లియర్ రెజిన్’ అని అమ్మే పాలియెస్టర్‌ను ఎపాక్సీ అనుకుని కొనకండి. ఘాటైన వాసన, చుక్కల లెక్కన కలిపే క్యాటలిస్ట్, ఊదారంగు కోబాల్ట్ సీసా ఉంటే అది పాలియెస్టరే. అదీ పసుపెక్కుతుంది, పైగా కుంచించుకుపోతుంది.

ఇప్పటికే పసుపెక్కిన ముక్కలు

ముందు కనపడని మూలలో ఒక రూపాయి బిళ్లంత చోట 320 నంబరు వాటర్ పేపర్‌తో రుద్ది, తడి గుడ్డతో తుడిచి చూడండి. తడిగా ఉన్నప్పుడు పసుపు లేకుండా కనిపిస్తే పసుపు పై పొరలోనే ఉంది, బాగు చేయొచ్చు. ఎంత రుద్దినా లోపల అదే రంగు ఉంటే వేడి వల్లో, హార్డెనర్ ఎక్కువవడం వల్లో వచ్చింది. దానికి చికిత్స లేదు, ఆ మాట కస్టమర్‌కు సూటిగా చెప్పడమే.

పై పొరలో ఉన్నదానికి: గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి జిడ్డు తీయండి. కడగకుండా రుద్దితే జిడ్డు లోపలికి దిగుతుంది. తర్వాత 220తో పసుపు పోయేవరకు, ఆపైన 320, 400 నంబర్లతో తడిగా రుద్దండి. రెజిన్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, అందుకే తడిగా. నైట్రైల్ గ్లౌజులు తప్పనిసరి. గట్టిపడని ఎపాక్సీ చర్మానికి పదేపదే తగిలితే వచ్చే అలర్జీ జీవితాంతం ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి.

ఆపైన కార్లకు వాడే టూ-కే (రెండు భాగాలు కలిపి వాడే) అక్రిలిక్ పాలీయురెథేన్ క్లియర్ కోట్ రెండు మూడు చేతులు, మధ్యలో పది పదిహేను నిమిషాల విరామంతో. ఆరాక 50–60 మైక్రాన్ల మందం ఉండాలి. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, బట్ట మాస్కు దానికి చాలదు. ఇంట్లో స్ప్రే చేయకండి. డెంటింగ్, పెయింటింగ్ షెడ్డులో సరైన మాస్కు, గాలి ఏర్పాటు ఉన్నవాళ్లకు ఇచ్చి కొట్టించుకోండి. వడ్రంగులు వాడే ఎన్‌సీ లక్కర్, మెలమైన్ ఈ పనికి వద్దు, అవే పసుపెక్కుతాయి. కొత్త ముక్కలకూ ఇదే కోట్ వేయాలనుకుంటే ఎపాక్సీ పోసి ఐదారు రోజులు అయ్యాకే వేయండి.

ఇక నుంచి ప్రతి ముక్క వెనక రెజిన్ పేరు, బ్యాచ్ నంబరు, పోసిన తేదీ చెరగని పెన్నుతో రాయండి. ప్రతి బ్యాచ్‌లో మిగిలిన రెజిన్‌తో ఒక చిన్న బిళ్ల పోసి బీరువాలో ఉంచుకోండి. ఏడాది తర్వాత కస్టమర్ ముక్క తెస్తే రెంటినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. బిళ్ల తెల్లగా ఉండి ముక్క పసుపెక్కితే అది తగిలించిన చోటును మార్పించాలి. రెండూ పసుపెక్కితే ఆ బ్యాచ్ నంబరు చెప్పి అమ్మినవాడిని అడగండి.